డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి చరిత్రము

మన దిల్‌సుఖ్‌నగరు, ఎల్‌.బి.నగరు ప్రాంతములలో పరదేశప్రయాణపు మాట వినబడని యిల్లు అరుదు. ఆంగ్లభాషా పరీక్షలకు తర్ఫీదు నిచ్చు సంస్థలును, దూరగ్రామములనుండి వచ్చిన విద్యార్థులు దిగు వసతిగృహములును ఈ వీథులలో క్రిక్కిరిసి యున్నవి. అన్న సముద్రమున కావల చదువుచున్నాడనియు, అక్క అచ్చట పాఠములు చెప్పుటకు కుదిరినదనియు పిల్లలు తరగతిలో చెప్పుకొనుట పరిపాటియే. వెళ్లువారిని సాగనంపుట మనకు అలవాటైనది. కాని నూటనలువది సంవత్సరములకు పైబడిన పూర్వము మన హైదరాబాదే పరదేశమై, ఇచ్చటికే యొక యువకుడు ఉపాధ్యాయుడుగా వచ్చి దిగిన సంగతి చాలమంది యెరుగరు. ఆయన కుమార్తె పేరు మాత్రము ఎరుగనివారు లేరు. శ్రీమతి సరోజినీ నాయుడుగారి తండ్రియైన డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి చరిత్రము ఇచ్చట వ్రాయబడుచున్నది.

అఘోరనాథులు తూర్పు వంగదేశమున ఢాకా సమీపమందలి విక్రమపుర ప్రాంతములో, 1850వ సంవత్సర ప్రాంతమున, ఒక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆ ప్రదేశము నేడు బంగ్లాదేశములో నున్నది. సంస్కృత పాండిత్యము వారి వంశమున తరతరములుగా వచ్చుచుండెను. ఢాకాలో బడిచదువు ముగించి, వారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించిరి. ఆ దినములలో బ్రహ్మసమాజము వంగదేశపు యువకుల మనస్సులను గట్టిగా లాగుచుండెను. అఘోరనాథులును కేశవచంద్ర సేనుగారి ప్రభావమునకు లోనై ఆ సమాజముతో కలిసిరి. కులకట్టుబాట్లను కాదన్నవానికి బంధువర్గములో కలుగు చిక్కులెట్టివో మన వీరేశలింగం పంతులుగారి చరిత్రము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాత గిల్‌క్రిస్టు విద్యార్థివేతనము లభింపగా వారు స్కాట్లండు దేశమునకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరిరి. అప్పటికే వారికి వివాహమైనది. భార్య వరదసుందరీదేవి చిన్నది. భర్త సముద్రము దాటియున్న ఆ కాలమంతయు ఆమె కలకత్తాలో కేశవచంద్ర సేనుగారు స్థాపించిన ఆశ్రమమున నుండి చదువు నేర్చుకొనెను. భర్త పరదేశమున చదువుచుండగా భార్య ఊరక యెదురుచూచుచు కూర్చుండక తానును విద్యార్థిని యగుట ఆనాటికి వింతయే. ఎడింబరోలో అఘోరనాథులు రసాయనశాస్త్రమున హోప్ బహుమానమును, బాక్‌స్టర్ విద్యార్థివేతనమును గెలుచుకొని, 1877లో డాక్టర్ ఆఫ్ సైన్సు పట్టమును పొందిరి. ఆ పట్టమును పొందిన మొట్టమొదటి భారతీయులలో వారొకరు. పిమ్మట జర్మనీలోని బాన్ నగరమునకు పోయి అచ్చటను కొంతకాలము శాస్త్రాభ్యాసము చేసిరి.

ఇట్టి పట్టముతో తిరిగివచ్చినవానికి కలకత్తాలో గౌరవస్థానము దొరకకపోదు. కాని హైదరాబాదు సంస్థానమునుండి వారికి పిలుపు వచ్చెను. అచ్చట ఆంగ్లవిద్య నెలకొల్పి, నూతన పద్ధతిలో పాఠశాలను నడపుటకు ఒక విద్వాంసుడు కావలసియుండెను. 1878లో అఘోరనాథులు సకుటుంబముగా ఇచ్చటికి వచ్చి చేరిరి. అప్పటికి వారికి ముప్పదియేండ్లు నిండలేదు.

ఒకే భారతదేశములో ఒక మూలనుండి మరియొక మూలకు వచ్చుట పరదేశవాస మెట్లగునని బాలురు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. బ్రిటిషు ప్రభుత్వమువారి అధిరాజ్యమునకు లోబడినదే యైనను, నైజాము రాజ్యమునకు సొంత సేన, సొంత న్యాయస్థానములు, సొంత సుంకములు ఉండెడివి. ఇచ్చట చెల్లెడు నాణెము హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయి వేరు, దీని విలువ వేరు. 1869నుండి రాజ్యమునకు తన తపాలాబిళ్లలే యుండెను. కచేరీలలో వ్యవహారభాష పారసీకము. దాని స్థానమున ఉర్దూ వచ్చుట 1880వ దశకపు మాట. బజారులో హిందూస్థానీ, పల్లెలలో తూర్పున తెలుగు, పడమట మరాఠీ, నైరృతి మూలను కన్నడము. ఈ భాషలలో ఏ యొకటియు విక్రమపురమున పుట్టినవానికి మాతృభాష కాదు. సింహాసనమున నున్న మీర్ మహబూబ్ అలీఖానుగారు అప్పటికి పండ్రెండేండ్ల బాలుడు. రాజ్యభారమును 1853నుండి దివానుగా నున్న తొలి సాలార్ జంగుగారు వహించుచుండిరి. బాన్ నగరమున గడపిన దినములలోకంటె హైదరాబాదులోనే అఘోరనాథులకు పరదేశమున నున్నట్లు ఎక్కువగ తోచియుండునని నా యభిప్రాయము.

ఈ నగరమునకు పరదేశీయులు రాకపోలేదు. మన దిల్‌సుఖ్‌నగరునకు ఆనుకొనియున్న మూసారాంబాగు పేరే దానికి సాక్ష్యము. ఆ పేరు ఫ్రెంచి సేనాని రేమండుగారి పేరునుండి జనుల నోట మారి వచ్చినదని చెప్పుదురు. 1798లో మరణించిన ఆ సేనాని సమాధి మలకుపేట చేరువ గుట్టపై నేటికిని ఉన్నది. ఆయన నైజాము సిపాయిలకు ఐరోపా పద్ధతిని కవాతు నేర్పెను. ఎనుబదియేండ్లకు వచ్చిన ఈ రెండవ పరదేశి అక్షరములను, అణువులను నేర్పుటకు వచ్చెను. మొదటివానికి గుట్టమీద స్తంభము మిగిలినది. రెండవవానికి ఏమి మిగిలినదో మున్ముందు తెలియగలదు.

అఘోరనాథులు ఆరంభించినది ఆంగ్లమున పాఠములు చెప్పు పాఠశాల. ఆనాడు హైదరాబాదులో ఉన్నతకుటుంబముల బాలురు ఇంటివద్ద మౌల్వీలచే పారసీకము, అరబ్బీ నేర్చుకొనుచుండిరి. దారుల్ ఉలూమువంటి ప్రాచ్యవిద్యాలయము నగరమున ఉండెను. ఆంగ్లము చదివినచో మతము చెడునేమో యను శంక హిందువులకును, ముసల్మానులకును కూడ కలదు. పరభాష చెప్పు పరదేశి పంతులు, అందును కులమును వదలిన బ్రహ్మసామాజికుడు. పిల్లలను పంపుటకు తలిదండ్రులు వెనుదీసినచో ఆశ్చర్యము లేదు. వారి శంకను పోగొట్టినది వాదము గాదు, పరీక్షల ఫలితములును కాదు. పంతులుగారి నడవడియే యని తోచుచున్నది. వారి యింటి తలుపు ఎవ్వరికిని మూయబడలేదు. పాఠశాల క్రమముగా పెరిగి హైదరాబాదు కళాశాల యయ్యెను.

ఆ యింటినిగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను. ఎల్‌.బి.నగరులో మెట్రోరైలు ఎక్కి, దిల్‌సుఖ్‌నగరు, మలకుపేట దాటి, మూసీనది మీదుగా పోయి నాంపల్లిలో దిగినవారు ఆ యింటికి సులభముగ నడిచిపోవచ్చును. కుమార్తె 1905లో ప్రకటించిన మొదటి కవితాసంపుటము పేరు మీదుగా దానికి గోల్డెన్ త్రెషోల్డు, అనగా బంగారు గడప, యని పేరు కలిగినది. అఘోరనాథుల కాలమున ఆ యింట ప్రతిదినము సభ జరుగుచుండెను. పండితులు, మౌల్వీలు, కవులు, సన్న్యాసులు, రాజోద్యోగులు, దారినపోవు బీదవారు కూడ వచ్చి కూర్చుండి మాటలాడుచుండిరి. రసాయనశాస్త్రమున పట్టము పొందిన ఈ పెద్దమనిషికి రసవాదమన్న మిక్కిలి మోజు. ఇతర లోహములను బంగారముగా మార్చు విద్య తమకు తెలియునని చెప్పుకొను వారెందరో వచ్చి వారి తోటలో పుటములు పెట్టుచుండిరట. బంగారము రాలేదు, వచ్చిన జీతము మాత్రము అతిథులకును, బీదలకును, ఈ ప్రయోగములకును చెల్లిపోవుచుండెను. డాక్టర్ ఆఫ్ సైన్సు పట్టము పొందినవారికి ఇదేమి భ్రమ యని శాస్త్రము చదువు మన పిల్లలు నవ్వవచ్చును. ప్రశ్న యెంత అసాధ్యమైనను పరీక్షింపకయే కొట్టివేయరాదనునది వారి స్వభావము. తండ్రిగారి యా స్వప్నశీలమునే కుమార్తె తరువాత ఎంతో ప్రేమతో వర్ణించినది.

ఇంటి భాష విషయము మరింత విచిత్రమైనది. తలిదండ్రులు తమలో తాము వంగభాష మాటలాడుకొందురు. తండ్రి పిల్లలతో ఆంగ్లము మాటలాడును. తల్లి హిందూస్థానీ మాటలాడును. ఈ హిందూస్థానీ వరదసుందరీదేవి పుట్టినింటినుండి తెచ్చినది గాదు. హైదరాబాదులో అడుగిడిన పిమ్మట నేర్చినదే. బాల్యమున వంగభాషలో మంచి గీతములు వ్రాసిన ఆమె తన పిల్లలతో ఈ నగరపు భాషనే మాటలాడుచుండెను. పరదేశమున ఉద్యోగము చేయువారు సాధారణముగా బజారునకు చాలినంత భాష నేర్చి ఊరకుందురు. దానిని పిల్లలకు ఉగ్గుపాలతో పోసినవారు అరుదు. 1879 ఫిబ్రవరి 13వ తేదీన ఇచ్చట పుట్టిన సరోజిని చిన్నతనమున ఆంగ్లము మాటలాడనని మొండికెత్తగా, తండ్రి ఆమెను ఒక దినమంతయు గదిలో నొంటరిగా నుంచిరి. బయటకు వచ్చిన పిల్ల ఆంగ్లము తప్ప వేరొకటి తండ్రితో మాటలాడలేదు. ఈ శిక్ష నాకు నచ్చలేదు. కాని ఆనాటి తండ్రుల పద్ధతి యది. వారు ఆమెను గణితశాస్త్రజ్ఞురాలిగనో, విజ్ఞానవేత్తగనో చేయదలచిరి. బీజగణితపు లెక్క యొకటి ఎంతకును తెగకపోగా, ఆ కాగితముమీద లెక్కకు మారు పద్యము వచ్చినదని ఆమెయే చెప్పుకొన్నది. పండ్రెండవయేట ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను.

ఇక వారి జీవితమందలి ముఖ్యఘట్టమునకు వత్తము. 1883 ఫిబ్రవరిలో తొలి సాలార్ జంగుగారు కలరా సోకి హఠాత్తుగా మరణించిరి. నిజాము ఇంకను యుక్తవయస్కుడు కాలేదు. రాజ్యము నడపువారు స్థిరముగా లేని ఆ సమయముననే చాందా రైలుమార్గపు ప్రణాళిక ముందుకు వచ్చెను. వాడినుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గము 1874లోనే పడినది. దానిని తూర్పుగా వరంగల్లు మీదుగా బెజవాడ వైపునకును, ఉత్తరముగా బొగ్గుగనులున్న చాందా వైపునకును పొడిగింపవలెనని తలంపు. లండనులో ఒక సంఘము ఏర్పడి పెట్టుబడి సేకరించును. దానిపై వడ్డీకి నైజాము ఖజానా పూచీపడవలెను. లాభము వచ్చినచో వాటాదార్లకు, రానిచో లోటు సంస్థానపు రైతు కట్టిన శిస్తునుండి. ఏర్పాటు స్థూలముగా నిట్టిది.

రైలు వలదని ఎవ్వరును అనలేదు. షరతు లేమిటి, ఎంత సొమ్ము, ఎంతకాలము, పూచీ ఎట్టిది, ఈ సంగతులు ప్రజలకు తెలుపవలదా? నగరములోని కొందరు పౌరులు ఇట్లడుగ నారంభించిరి. ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారు వారిలో ముఖ్యులు. అఘోరనాథులు వారితో చేరిరి. సభలు జరిగెను, ప్రణాళికలోని వివరములను ప్రకటింపవలెననియు, పౌరులు ఆలోచించుటకు వ్యవధి నీయవలెననియు కోరిరి. ఒక ముసల్మాను పండితుడును, ఒక వంగదేశపు బ్రహ్మసామాజికుడును ప్రక్కప్రక్కన నిలిచి ప్రభుత్వమును లెక్కలడుగుట హైదరాబాదునకు కొత్త. ఈ రాజ్యమున ప్రజాభిప్రాయము బహిరంగముగా వినబడిన మొదటి సందర్భములలో ఇది యొకటియని చరిత్రకారులు ఎంచుదురు.

ఇచ్చట తెగవలసిన ప్రశ్న రైలునుగూర్చినది మాత్రమే గాదు. జీతము పుచ్చుకొని వచ్చిన పరదేశి ఉపాధ్యాయుడు ఆ దేశపు వ్యవహారములలో నోరు విప్పవచ్చునా? సాలార్ జంగుగారు ఉత్తరదేశమునుండియు, ఇతర ప్రాంతములనుండియు విద్యావంతులను పిలిపించి ఉద్యోగము లిచ్చుచుండిరి. తమ యుద్యోగములను పరాయివారు పట్టుకొనుచున్నారని దేశీయులకు, అనగా ముల్కీలకు, కోపముండెను. ఆ కోపము అన్యాయమని నేననజాలను. వచ్చినవారిలో పెక్కురు తమ జీతమును, తమ బంధువుల నియామకమును చూచుకొని యూరకుండిరి. అఘోరనాథులును వారివలె పాఠము చెప్పి, నెలజీతము తీసికొని, సాయంకాలము రసవాదులతో ముచ్చటించుచు సుఖముగా నుండవచ్చును. ఇంట నాలుగేండ్ల సరోజిని, ఆమెకంటె చిన్నవాడు వీరేంద్రనాథుడు. చేతిలో కూడబెట్టిన ధనము లేదు. రైతు శిస్తుతో తన జీతము వచ్చుచున్నప్పుడు ఆ శిస్తు ఎచ్చటికి పోవుచున్నదని అడుగుటకు తనకు హక్కు కలదని వారు తలచిరి కాబోలు. మౌనముగ మాత్రము ఉండలేదు.

ప్రభుత్వము దీనిని సహింపలేదు. 1883 మే నెలలో అఘోరనాథులను ఉద్యోగమునుండి తొలగించి, రాజ్యమునుండి వెడలగొట్టిరి. ఐదేండ్లు పాఠశాలను పెంచిన పంతులుగారు భార్యాబిడ్డలతో సరిహద్దు దాటవలసివచ్చెను. ఒప్పందము ఆగలేదు, నైజాము పూచీ రైల్వే సంఘము ఏర్పడెను, రైలు 1889లో బెజవాడ చేరెను. దాని వలన తెలంగాణమునకును, కృష్ణాతీరమునకును కలిగిన మేలు కాదనరానిది. అయితే ఆ కాలముననే లండనులో కుదిరిన గనుల ఒప్పందముపై ఇంగ్లండు పార్లమెంటే 1888లో ఒక విచారణసంఘమును నియమింపవలసివచ్చెను. ఆ ఒప్పందమును కుదిర్చిన అధికారి పదవి కోల్పోయెను. పంతులుగారు లెక్కలడిగినది పిచ్చితనము కాదని అప్పటికైనను కొందరికి తెలిసియుండును.

తరువాత ప్రభుత్వము మారెను. మహబూబ్ అలీఖానుగారు 1884 ఫిబ్రవరిలో రాజ్యాధికారమును స్వయముగా స్వీకరించిరి. వెడలగొట్టిన పంతులుగారినే మరల పిలిపించి పూర్వపు పనిలో నియమించిరి. ఆత్మగౌరవము గల మరియొకరైనచో రానని యుందురేమో. అఘోరనాథులు వచ్చిరి. 1887లో హైదరాబాదు కళాశాలయు, మదరసా-ఎ-ఆలియాయు కలిసి నిజాం కళాశాల యయ్యెను. మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నడచిన ఆ కళాశాలకు మొదటి ప్రధానాచార్యులుగా వారి పేరే చెప్పబడుచున్నది. కాంగ్రెసు మహాసభ 1885లో పుట్టినప్పటినుండి దానికి హైదరాబాదులో మద్దతు కూడగట్టినవారిలో వారును, అబ్దుల్ ఖయ్యూముగారును ఉండిరి. ఒకసారి దేశబహిష్కారము ననుభవించినను నోరు కట్టుకొనలేదన్నమాట.

సంఘసంస్కారమునను వారు వెనుకంజ వేయలేదు. స్త్రీవిద్యకై పాటుపడిరి. కులభేదము లేక వివాహమాడుటకు వీలు కల్పించు 1872వ సంవత్సరపు వివాహచట్టము సంస్థానమున అమలు కావలెనని యత్నించిరి. ఈ విషయమున వారికి సొంత యింటనే పరీక్ష వచ్చెను. సరోజిని పదునైదేండ్లు నిండకమునుపే గోవిందరాజులు నాయుడుగారిని ప్రేమించెను. ఆయన వైద్యుడు, అఘోరనాథులు చదివిన ఎడింబరోలోనే చదివినవాడు, కాని కులము వేరు, భాష వేరు. తలిదండ్రులు మొదట సమ్మతింపక, 1895లో నిజాముగారిచ్చిన విద్యార్థివేతనముతో కుమార్తెను ఇంగ్లండునకు పంపిరి. పరులకు సంస్కారము బోధించుట యొకటి, తన బిడ్డ విషయమున ఆచరించుట మరియొకటి. ఆమె తిరిగివచ్చిన తరువాత 1898 డిసెంబరులో మద్రాసునందు ఆ చట్టము ప్రకారమే వివాహము జరిగెను. పౌరోహిత్యము వహించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ నెలలో కనిష్ఠపుత్రుడు హరీంద్రనాథుడు హైదరాబాదున జన్మించియుండెను.

ఇరువదవ శతాబ్ది తొలి దశకమున రాజకీయాభిప్రాయముల కారణముగనే వారు మరల కళాశాలను విడువవలసివచ్చెను. ఈసారి పిలుపు రాలేదు. కలకత్తాకు పోయి నివసించుచు, అచ్చటను అతిథులను పోషించుచు, 1915లో స్వర్గస్థులైరి. సుమారు నాలుగు దశాబ్దుల క్రిందట తాము వచ్చి చేరిన నగరమున వారి దేహము కలియలేదు.

పిల్లలు మాత్రము ఈ నగరపు పిల్లలే. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు సరోజినీదేవి చేసిన సహాయమునకు ప్రభుత్వమువారు బంగారుపతకము నిచ్చిరి. జలియన్‌వాలాబాగు ఘోరము తరువాత ఆమె దానిని తిరిగి పంపివేసెను. 1947లో సంయుక్తరాష్ట్రములకు గవర్నరై, 1949 మార్చి 2వ తేదీన లక్నోలో మరణించెను. వీరేంద్రనాథుడు ఐరోపాఖండమున విప్లవకారుడుగా తిరిగి, 1937లో రష్యాలో ప్రాణము విడిచెను. హరీంద్రనాథుడు కవియు, నటుడునై, 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. తండ్రి లెక్కలడిగిన ఆ రైలుమార్గపు చివరి స్టేషను అదే; వోటు వేసినవారు తెలుగువారు.

నాంపల్లి చేరువనున్న ఆ యింటిని సరోజినీదేవి కుమార్తె పద్మజా నాయుడుగారు విద్యాకార్యమునకై యిచ్చిరి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు మొదటి తరగతులు, గచ్చిబౌలిలో భవనములు లేవకమునుపు, ఆ గదులలోనే జరిగినవి.